గులాబి రంగు బూజు

తోడికోడలు శ్రీలత మీద తనకు కుళ్లు ఎప్పుడు మొదలైందో సోమక్కకే సరిగా తెలియదు. మొదట్లో అయితే అది లేదు. చిల్పూరు నుంచి శ్రీలత కోడలుగా వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు అరణంగా ఒక దుడ్డెను, అంటే ఆడ బర్రెదూడను కూడా పంపారు. దాని మెడ నిమరడం తప్ప ఆ పిల్లకు పశువుల పని ఏమీ రాదు. సోమక్కే పక్కన కూర్చోబెట్టుకుని పొదుగు కడగడం, చన్నులకు నూనె రాయడం, బొటనవేలు మడవకుండా పాలు పిండడం నేర్పింది. మొదటిసారి బర్రె తన్నితే శ్రీలత చెంబుతో సహా వెనక్కి పడింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

అప్పటికి ఊళ్లో పాడి అంటే సోమక్కదే. నర్మెట్ట పక్కనే ఉన్న ఆ ఊళ్లో పాలకేంద్రం పెట్టినప్పటి నుంచి ఎక్కువ వెన్న వచ్చే పాలు ఆమెవే. ఎవరి బర్రె పాలు తగ్గినా, మేత ముట్టకపోయినా ముందుగా ఆమెనే అడిగేవాళ్లు. పన్నెండేళ్లు ఆ పేరు ఆమె ఒక్కదానిదే.

తర్వాత అన్నదమ్ములు మొండయ్య, నగేశ్ వేరుపడ్డారు. ఇంటి నడుమ రొమ్మెత్తు గోడ లేచింది. గోడకు ఇవతల సోమక్క కొట్టంలో రెండు పాడి బర్రెలు, ఇంకా ఈనని ఒక పడ్డ. అవతల శ్రీలతకు అరణంగా వచ్చిన బర్రె, దానికి పుట్టిన పడ్డ. శ్రీలత బర్రె ఎదకు వచ్చిన రోజు క్యాలెండర్లో గీత గీసిపెట్టుకునేది. దాని ఈతకూ ఈతకూ నడుమ పద్నాలుగు నెలలు దాటేది కాదు. ఒకరోజు పాలకేంద్రంలో వెన్న కొలిచే మిషన్ దగ్గర కూర్చునే మనిషి శ్రీలత పాలు చూసి, సోమక్క చేతికింద నేర్చుకుని సోమక్కనే దాటిపోయిందని అందరి ముందూ మెచ్చుకున్నాడు. అతను ఇద్దరినీ పొగుడుతున్నాననే అనుకున్నాడు. సోమక్క మాత్రం ఆ రోజు ఇంటికి వచ్చి ఖాళీ క్యాను అరుగు మీద విసిరినట్టు పెట్టింది.

అప్పటినుంచి ఆమె కేంద్రానికి పోయే వేళ మార్చుకుంది. శ్రీలత వెనక వరుసలో నిలబడటం ఇష్టం లేక పావుగంట ముందే పోయేది. పొద్దున పాలు పిండుతుంటే గోడ అవతల బొక్కెనలో పడే ధార చప్పుడు వినబడేది. ఆ చప్పుడును బట్టి ఎన్ని లీటర్లో అంచనా కట్టేది. తన చెయ్యి ఆగిపోయిందన్న సంగతి బర్రె తల తిప్పి చూస్తే గానీ తెలిసేది కాదు.

పోయిన వానాకాలం ఉమ్మడిగా మిగిలిన రెండెకరాల చెలకలో మక్కజొన్న వేశారు. కంకులు విరిచి కుప్ప పోసిన మర్నాడే ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. పైన పరదాలు కప్పారు గానీ కింద నుంచి నీళ్లు పారి అడుగు కుప్ప నానిపోయింది. వాన వెలిసి పరదా తీస్తే ఆవిరి కొట్టింది. పైన ఉన్న మంచివి మార్కెట్‌కు పోయాయి. అడుగున తడిసినవి ఎనిమిది బస్తాలు మిగిలాయి. కంకుల కొసల దగ్గర గింజల మీద గులాబి రంగు బూజు పాకి ఉంది. అలాంటివి పశువులకు పెట్టడం ఆ ఊళ్లో అందరూ చేసేదే. ఎవరూ అనుమానించలేదు.

లెక్క ప్రకారం ఇంటికి నాలుగు బస్తాలు. సోమక్క ఒప్పుకోలేదు. తనకు మూడు నోళ్లున్నాయని, అవతల రెండేనని, చెలకలో కలుపు తీసింది కూడా తానేనని మొండయ్యతో రెండు రోజులు వాదించింది. నిజానికి ఆమెకు మక్కల మీద అంత ఆశ లేదు. అవి శ్రీలత బర్రెల మేత గోలెంలో పడి పాలై పాలకేంద్రానికి పోతాయన్న ఊహే ఆమెకు పడలేదు. శ్రీలత గోడ దగ్గరికి వచ్చి, అక్కనే తీసుకోనివ్వండి, మేము తవుడు, పత్తిచెక్కతో సరిపెట్టుకుంటామని చెప్పి పోయింది. ఎనిమిది బస్తాలూ ఇటే వచ్చాయి. సోమక్క గింజలు ఒలిచి, కడిగి, ఎండబోసి, సగం గిర్నిలో నూక పట్టించింది. కడిగాక బూజు పోయింది. నూక చూడటానికి బాగానే ఉంది.

దీపావళి వెళ్లాక పెద్ద బర్రె ఎదకు వచ్చింది. ఊళ్లోకి వచ్చి పశువులకు చూడి కట్టడానికి ఎదసూదులు వేసే గోపాలమిత్ర వీరేందర్ వచ్చి సూది వేసి పోయాడు. మూడు వారాలకు నిలిచిందో లేదో తేలాలి. పన్నెండు రోజులకే మళ్లీ ఎదకు అరిచింది. మళ్లీ సూది. ఎద వచ్చినప్పుడల్లా వెనక భాగం వాచి ఉండేది, తీగలు సాగేవి, కానీ చూడి కట్టేది కాదు. రెండో బర్రెదీ అదే వరుస. మూడోసారి వచ్చినప్పుడు వీరేందర్ తన పనిలో లోపం లేదని, అదే సూదితో శ్రీలత బర్రె ఒక్కసారికే నిలిచిందని చెప్పాడు. అతను ఆ మాట తన మర్యాద కాపాడుకోవడానికి అన్నాడు. అది సోమక్క గుండెలో ముల్లులా దిగింది.

దిష్టే అనుకుంది. శ్రీలత గోడ దగ్గర నిలబడి తన బర్రెల మీద కన్ను వేస్తోందని నమ్మింది. కొట్టం గుంజకు పాత చెప్పు కట్టింది, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, బర్రెలను గోడకు దూరంగా అవతలి మూలకు మార్చి కట్టింది. ఎవరి కన్ను ఎవరి మీద ఉందో ఆమె ఆలోచించలేదు.

ఆ రోజుల్లోనే ఆమెకు ఒక సంబురం దొరికింది. ఏడాదిన్నర కూడా నిండని ఆమె పడ్డకు పొదుగు దిగడం మొదలైంది. చన్నులు లావెక్కాయి. దానికి సూది వేయనే లేదని వీరేందర్ అన్నాడు. చెలకల్లో మేసేటప్పుడు ఏ దున్నో దాటి ఉంటుందని సోమక్క తేల్చుకుంది. ఇంత చిన్నదానికి చూడి ఏందని మొండయ్య అనుమానపడితే కసిరింది. పాలకేంద్రంలో నలుగురూ వినేట్టు, ఈసారి ఊళ్లో అందరికన్నా ముందు ఈనేది తన పడ్డేనని చెప్పింది. చెబుతూ శ్రీలత ముఖం చూసింది. శ్రీలత నవ్వి, మంచిదే అక్కా అంది. ఆ నవ్వులో ఏమీ లేకపోవడం సోమక్కకు ఇంకా మంట పెట్టింది.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మొండయ్యే నర్మెట్ట పశువుల దవాఖానకు పోయి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పేరు అక్షయ. మానుకోట వైపు మనిషి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. డాక్టరమ్మను దించి మొండయ్య ఎరువుల బస్తాల కోసం పాలకుర్తి పోయాడు. అక్షయ మోచేతి దాకా తొడుగు వేసుకుని మూడింటినీ ఒక్కొక్కటిగా చూసింది. పడ్డను రెండుసార్లు చూసింది.

"కడుపుల ఏం లేదక్కా. ఉత్త పొదుగే."

తర్వాత గోలెంలో చెయ్యి పెట్టి అడుగున ఉన్న నూక తీసి చూసింది. ఏం పెడుతున్నారో అడిగింది. బస్తా చూపమంది. నూక పట్టించని గింజలు దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, ఒక గింజను గోటితో చీల్చింది. లోపల మొలక దగ్గర సన్నగా గులాబి చార ఉంది. అప్పుడు కొట్టంలోనే మంచం మీద కూర్చుని సోమక్కకు నిదానంగా చెప్పింది. తడిసి వేడెక్కిన మక్కల మీద లేచే ఆ బూజు ఒక విషాన్ని పుట్టిస్తుంది. కంటికి కనబడదు, చేదుగా ఉండదు.

"గది ఒంట్లకు వోయినంక ఆడ హార్మోన్ లెక్కనే పనిచేస్తది అక్కా. ఒళ్లు మోసపోతది. ఎద గాకున్నా ఎద అనుకుంటది, చూడి లేకున్నా పొదుగు దించుతది. అసలు పని మాత్రం గానియ్యదు."

పందులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టమని, బర్రెలూ ఆవులూ కొంత తట్టుకున్నా ఇన్ని నెలలు పూటపూటా తింటే ఇట్లాగే అవుతుందని, చిన్న పడ్డలకు త్వరగా పట్టుకుంటుందని అక్షయ చెప్పింది. కడిగి ఎండబోశానని సోమక్క అంటే తల అడ్డంగా ఊపింది. బూజు పోతుంది గానీ విషం అంతా పోదు, ఉడకబెట్టినా ఉంటుంది. ఇవాళే ఆపేస్తే రెండు మూడు నెలల్లో సర్దుకుంటాయి. మక్కలు గొయ్యి తీసి పూడ్చాలి, మనుషులు అసలే తినొద్దు. ఒక కవరులో పిడికెడు గింజలు హైదరాబాదు పరీక్షకు పంపడానికి తీసుకుంది.

ఆమె పోయాక సోమక్క బస్తాల వైపు చూసింది. కొట్లాడి తెచ్చుకున్న మక్కలు. వద్దని వదులుకున్న శ్రీలత కొట్టం పచ్చగా ఉంది. మొండయ్య వచ్చి అడిగితే, మేత మార్చమంది అని మాత్రమే చెప్పింది. మిగిలిన అయిదు బస్తాలను కొట్టం మూలకు నెట్టి పైన సంచి పరిచింది. పూడ్చాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఊరు నవ్వుతుంది, అందరికన్నా ముందు శ్రీలత నవ్వుతుంది అనుకుంది.

రెండు రోజులకు శ్రీలత గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, చెక్క అయిపోయింది. మీ మరిది జనగామల పని మీదున్నడు, వచ్చేసరికి పది రోజులైతది. ఒక బస్తా మక్కనూక ఇయ్యి. పడ్డ చూడితోని ఉన్నది, ఉత్త గడ్డి పెట్టబుద్ధి అయితలేదు."

"చూడి కట్టిందా?"

"రెండో నెల. నిన్ననే వీరేందరన్న చూసి చెప్పిండు."

అది మొదటి చూడి. ఒక్క సూదికే నిలిచింది. సోమక్క కళ్ల ముందు తన పడ్డ ఉత్త పొదుగు వేలాడింది. మూలకు పోయి సంచి తొలగించి, నూక బస్తా రెండు చేతులా ఎత్తి గోడ మీద పెట్టింది. శ్రీలత దాన్ని ఒళ్లోకి లాక్కుంటూ, నీ మేలు మరువనక్కా అంది.

మొదటి రెండు రోజులు సోమక్కకు ఒక రకమైన తృప్తి కలిగింది. తనకైంది అందరికీ కానీ అనుకుంది. నేనేమన్నా బలిమిన ఇచ్చానా, అడిగితే ఇచ్చాను అని సర్దిచెప్పుకుంది. మూడో రోజు నుంచి ఆ తృప్తి నిలవలేదు. అవతల పడ్డ గోలెంలో మూతి పెట్టి నూక జుర్రే చప్పుడు వినబడితే ఆమె కొట్టం వదిలి ఇంట్లోకి పోయేది. ఇంట్లో పని తోచక మళ్లీ వచ్చేది. చెప్పేద్దామని రెండుసార్లు గోడ దాకా పోయింది. ఒకసారి శ్రీలత లేదు. రెండోసారి ఉంది, పడ్డ నొసటిని గీరుతూ దానితో ఏదో ముచ్చట పెడుతోంది. ఆ సంతోషం చూడగానే వెనక్కి తిరిగి వచ్చింది. అట్లా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు పొద్దున శ్రీలత చేటలో నూక పోసుకుని చెరుగుతూ గోడకు ఇవతలున్న సోమక్కను పలకరించింది. నూక సన్నగా బాగుందని, తన చిన్నబిడ్డ నూకతో వండే మక్కగట్క కావాలని మారాం చేస్తోందని, ఇవాళ వండుతానని చెప్పింది.

"వండకు," అంది సోమక్క.

"ఏమాయె?"

"గది మంచిది గాదు. డాక్టరమ్మ పూడ్చిపెట్టుమన్నది."

శ్రీలత చేట ఆపింది. "ఎప్పుడన్నది?"

సోమక్కకు అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. నిన్న అంటే సరిపోయేది. ఎవరూ తవ్వి చూడరు. కానీ ఆ పది రోజుల్లో ఆమె ఎంత అలిసిపోయిందంటే, ఇంకొక అబద్ధాన్ని మోసే ఓపిక లేదు.

"నువ్వడిగే రెండు రోజుల ముందుగాల."

"అంటే నేనడిగిననాడు నీకెరుక."

"ఎరుకే."

శ్రీలత కళ్లు సోమక్క ముఖం మీదే నిలిచాయి, అక్కడ ఇంకో జవాబు ఏదైనా ఉందేమో వెతుకుతున్నట్టు. తర్వాత చేటలో నూకను బస్తాలో పోసింది. పడ్డ ముందున్న గోలెం ఒంచి, నీళ్లు పోసి చేత్తో రుద్ది కడిగింది. చేతులు తుడుచుకుని ఫోను తీసి అక్షయకు చేసింది.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చింది. ఇంత చెప్పాక కూడా ఈ మక్కలు ఇటు ఎట్లా వచ్చాయని కోపంగా అడిగింది. గోడ ఇవతల సోమక్క తల వంచుకుని నిలబడింది. శ్రీలత, ఎరుకలేక నేనే తెచ్చి పెట్టిన మేడం, అంది. ఆ మాటకు సోమక్కకు కృతజ్ఞత కలగాల్సింది. కలగలేదు. ఇందులో కూడా నన్ను దాటిపోయింది అనిపించింది. అట్లా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మరో రెండు వారాలకు శ్రీలత పడ్డ ఎదకు అరిచింది. వీరేందర్ వచ్చి చూసి, చూడి పోయిందన్నాడు. అక్షయ కూడా వచ్చి చూసింది. మొదటి చూడి, రెండు నెలలది, ఒక్కోసారి ఊరికే కూడా పోతుందని, పది రోజుల మేతతోనే ఇట్లా అయిందని చెప్పలేనని, కాదని కూడా చెప్పలేనని అంది. ఆ వారంలోనే హైదరాబాదు నుంచి పరీక్ష కాగితం వచ్చింది. ఉండకూడనంత విషం ఆ గింజల్లో ఉంది.

కాగితం మొండయ్య చేతికి వచ్చింది. డాక్టరమ్మ ఏ రోజు ఏం చెప్పిందో అతనికి అప్పుడే తెలిసింది. సోమక్కను అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. చెలక గట్టున నడుముల్లోతు గొయ్యి తీసి, మిగిలిన నాలుగు బస్తాలూ, శ్రీలత తిరిగి గోడ మీద పెట్టిన సగం బస్తానూ అందులో కుమ్మరించి, సున్నం చల్లి పూడ్చాడు. తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఒక్క మాట అన్నాడు.

"మనిషి మీద కోపముంటే మనిషినే అనాలె గని, నోరులేనిదాని కడుపు మీద కొడ్తరా?"

పది రోజులు అతను ఇంట్లో తిన్నాడు గానీ ఆమెతో మాట్లాడలేదు. శ్రీలత ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నగేశ్‌కు కూడా చెప్పలేదని, అతను ఎప్పటిలాగే వదినా అని పలకరించినప్పుడు సోమక్కకు అర్థమైంది. కానీ శ్రీలత మాట మాత్రం ఆగిపోయింది. పాలకేంద్రంలో ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. సోమక్క ఇప్పుడు ముందు పోవడం మానుకుంది. వరుసలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడేది.

మేత మారాక నెలన్నరకు సోమక్క పడ్డ పొదుగు దానంతట అదే ఎండిపోయింది. మార్చి నెలలో పెద్ద బర్రె, ముందటి ఎద పోయాక నిండుగా ఇరవై ఒకటో రోజుకు మళ్లీ ఎదకు వచ్చింది. ఒకే సూదికి నిలిచింది. రెండోది ఎండాకాలం దాటాక గానీ నిలవలేదు. శ్రీలత పడ్డకు మే నెలలో మళ్లీ చూడి కట్టిందని వీరేందర్ చెప్పాడు. ఆ కబురు వినగానే సోమక్క లోపల ఎప్పటి పోటే పొడిచింది. ఇంత జరిగాక కూడానా అనుకుంది. అది పోలేదు. అయితే ఈసారి ఆమె దాన్ని గుర్తుపట్టింది. పక్కన ఒక కుక్క మొరిగినట్టు, మొరగనిచ్చింది.

మరుసటి సంక్రాంతి దాటిన వారానికి పెద్ద బర్రె ఈనింది. ఆరోగ్యంగా ఉన్న దుడ్డె. రెండో నాటి పాలతో బెల్లం, యాలకులు వేసి సోమక్క జున్ను వండింది. ఇరుగుపొరుగుకు మొండయ్య పంచి వచ్చాడు. తమ్ముడి ఇంటికి మాత్రం నువ్వే పో అన్నాడు. స్టీలు గిన్నె కొంగు కింద పెట్టుకుని సోమక్క గోడ చుట్టూ తిరిగి శ్రీలత వాకిట్లోకి పోయింది. ఏడాదిగా ఆ వాకిట్లో అడుగు పెట్టలేదు. శ్రీలత నిండు చూడితో ఉన్న పడ్డకు గడ్డి వేస్తోంది. లేచి వచ్చి తడిక దగ్గర నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"దుడ్డెనా, దున్ననా?"

"దుడ్డె."

శ్రీలత ముఖంలో రక్తం పొంగినట్టయి పెదవులు బిగిశాయి. ఆ చూపు సోమక్కకు కొత్త కాదు. ఇన్నేళ్లూ గోడ ఇవతల నుంచి తాను చూసిన చూపే. ఎదుటి మనిషి ముఖంలో దాన్ని చూడటం ఇదే మొదటిసారి.

"నాది నిలిచి ఉంటే గిప్పటికి నాలుగు నెలల్ది అయ్యుండె," అంది శ్రీలత.

నా వల్లనే అందామనుకుంది సోమక్క. అది ఇద్దరికీ తెలిసిందే. "తప్పు చేసిన చెల్లే," అని మాత్రం అంది. ఏడాదిలో ఆ మాట అనడం అదే మొదలు.

శ్రీలత చెయ్యి చాపి గిన్నె అందుకుంది. దీనికి ఇంకో రెండు నెలలున్నదని పడ్డను చూపుతూ చెప్పి, దాని దగ్గరికి తిరిగి పోయింది.

రెండు రోజుల తర్వాత గిన్నె గోడ మీద కనిపించింది, శుభ్రంగా తోమి బోర్లించి. సోమక్క దాన్ని తీసుకుని ఇంట్లోకి పోయింది.